పురుగుకాటునకు పెరటిమందు: ఎంతవరకు నమ్మవచ్చును?

తొలకరి చినుకులు పడి నేల మెత్తబడగానే మన సీమలో రెండు పనులు ఒక్కమారుగా నారంభమగును. ఒకటి వేరుసెనగ విత్తుట. రెండవది, ఎండకాలమంతయు రాళ్లక్రిందను, గట్టుసందులలోను, పాతగోడల నెఱ్ఱెలలోను దాగియున్న పురుగుపుట్ర బయటికి వచ్చుట. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతులకు ఈ రెండును క్రొత్తవి గావు. అందువలననే కాబోలు, తేలో జెఱ్ఱియో కుట్టినపుడేమి చేయవలెనని మనలో నెవరి నడిగినను జవాబు సిద్ధముగా నుండును. ఒకరు చింతపిక్క యందురు, ఒకరు ఉల్లిపాయ, ఒకరు సున్నము, ఒకరు ఉత్తరేణి వేరు, మఱియొకరు కుప్పింటాకు రసము. వీనిలో మేలుచేయునవి యేవి, ఊరకుండునవి యేవి, కీడుచేయునవి యేవి యని విడదీసి చూచుటయే యీ వ్యాసమున మా పని. పెద్దలు చెప్పినదంతయు మూఢత్వమని కొట్టివేయుట మా యుద్దేశ్యము గాదు. అట్లని చెప్పినదంతయు వేదమనియు ననజాలము.

ముందుగా ఒక మాటనుగూర్చి చెప్పవలెను. మన పల్లెలలో రాత్రివేళ పామును పేరుపెట్టి పిలువరు, "పురుగు" అందురు. "పురుగు ముట్టినది" అన్నచో పాము కఱచినదని పెద్దలకు తెలియును. పసివారికిని, పరాయియూరినుండి కూలికి వచ్చినవారికిని తెలియదు. ఈ మాటమర్యాద యొక్కొక్కపుడు ప్రాణముమీదికి తెచ్చును. కట్లపాము సంగతి చూడుడు. అది వానకాలపు రాత్రులందు ఇండ్లలోనికి వచ్చి, నేలపై పండుకొన్నవారిని నిద్రలో కఱచును. ఆ కాటు చీమ కుట్టినంత కూడ నొప్పి పెట్టకపోవచ్చును, వాపుండదు, కోఱలగుర్తులు కంటికి కనబడకపోవచ్చును. మనుష్యుడు లేచి, గోకికొని, "ఏదో పురుగు" అని పసుపు రాచుకొని మరల పండుకొనును. తెల్లవారుజామున కడుపునొప్పి యనును. కనుఱెప్పలు వాలిపోవును, మాట ముద్దయగును, మ్రింగుట కష్టమగును. ఆపైన ఊపిరి నిలుచును. ఇట్టివారికి పెరటిమందు వేసి గడపిన ప్రతి గడియయు ఆయువునుండి తీసివేసినదే.

కావున మొదటి నియమ మిది: చీకటిలో కఱచినదేదో కంటితో చూడనియెడల దానిని పామే యని యెంచి ఆసుపత్రికి పోవలెను. తీరా అది చీమయే యైనచో బస్సుకూలి పోవును, అంతే. కఱచిన కాలునో చేతినో కదలకుండ బద్దకట్టి, మనిషిని నడిపింపక మోసికొని పోవుడు. త్రాటితో బిగించి కట్టుట, కత్తితో గాటుపెట్టుట, నోటితో పీల్చుట, మూడును మానవలెను. ప్రభుత్వాసుపత్రులలో పాముకాటు సీరము ఉచితముగా నిత్తురు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగు పాముల విషములకును ఒక్కటే సీరము పనిచేయును. కావున పామును చంపి సంచిలో వేసికొని పోవలసిన పనిలేదు. ఆ ప్రయత్నములో రెండవ మనిషి కాటుపడిన యూళ్లు ఉన్నవి.

సహకారులమైన మనకు ఈ సీరమునుగూర్చి యొక సంతోషవార్త చెప్పవలసి యున్నది. దీని తయారీకి కావలసిన విషమును పెద్దభాగము సమకూర్చుచున్నది ఒక సహకార సంఘమే. చెన్నపట్టణమునకు దక్షిణమున వడనెమ్మేలి యను చోట, పాములను పట్టుటయే కులవృత్తిగాగల ఇరుళులు 1978లో తమ పాముపట్టువారి సహకార సంఘమును స్థాపించుకొనిరి. అంతకుముందు వారు తోళ్లకై పాములను చంపి యమ్ముకొనెడివారు. 1972 నాటి వన్యప్రాణి చట్టముతో ఆ బ్రతుకుతెరువు పోయెను. నేడు వారు పాములను పట్టి, విషము తీసి, మరల అడవిలో విడిచిపెట్టుదురు. ఆ విషమును స్వల్పమోతాదులలో గుఱ్ఱములకెక్కించి, వాని నెత్తురునుండి సీరమును తీయుదురు. మన యూరి రైతు ప్రాణము నిలిచినపుడు, దానిలో ఎక్కడనో యొక సంఘసభ్యుని చేయి యున్నదన్నమాట.

ఎఱ్ఱతేలు, నల్లతేలు

ఇక తేలుకాటు. మన యింటివైద్యమునకు వచ్చిన పేరంతయు దీనినిబట్టియే వచ్చినది. గుణమేమిటో తెలియవలెనన్న ముందు రెండు తేళ్లను వేఱుగా గుర్తుపట్టవలెను. మండ్రగబ్బ యనబడు నల్లతేలు పెద్దది, దాని పట్టుకారులు ఎండ్రకాయ డెక్కలవలె వెడల్పుగా నుండును, తోక సన్నము. చూచినవాడు హడలిపోవును. కాని దాని కాటు నొప్పి, వాపు తప్ప సాధారణముగా ప్రాణముమీదికి రాదు. ఎఱ్ఱతేలు చిన్నది, రెండు మూడంగుళములు. పట్టుకారులు సన్నము, తోక లావు. దీనినే లక్ష్యము చేయము. నిజమునకు మనదేశమున ప్రాణాంతకమైన తేలు ఇదియే. పట్టుకారులు సన్నమై తోక లావైనచో భయపడుమని పిల్లలకు నేర్పిన చాలును.

మందులకు కీర్తి యెట్లు వచ్చినదో ఇపుడు సులభముగా తెలియును. పదిమందిని తేళ్లు కుట్టినపుడు అందులో చాలమందికి కుట్టినది నల్లతేలు, కాదేని విషము కొంచెమే దిగిన ఎఱ్ఱతేలు. ఆ నొప్పి కొన్నిగంటలలో ఒక రోజులోపల తనంతట తానే తగ్గును. ఆ గంటలలో చింతపిక్క పెట్టిన చింతపిక్క తగ్గించినది. మంత్రము వేసిన మంత్రము తగ్గించినది. ఏమియు చేయకున్న "వాని నెత్తురు మంచిది" అందురు. తేలు మంత్రమైనను రానివాడు పాముపుట్టలో చేయిపెట్టినాడని సామెత గదా. తేలుమంత్రము సులభవిద్య యని మన పెద్దలే నవ్వుచు ఒప్పుకొనిరి.

చింతపిక్క విషయము విచిత్రమైనది. పిక్కను తడిరాతిపై అరగదీసి కాటుపై నుంచగా అది జలగవలె పట్టుకొనును, కొంతసేపటికి రాలిపోవును. విషము పీల్చినది గావున పట్టుకొన్నదనియు, పీల్చుట ముగిసినది గావున రాలినదనియు మనవారి నమ్మిక. పిక్కలోని పప్పు జిగురుగలది. చింతగింజల పొడితో నూలుకు గంజిపెట్టుదురని మగ్గము తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఆ జిగురే అంటుకొనుచున్నది, ఆరగనే రాలుచున్నది. కుట్టని చోట పెట్టిచూడుడు, అక్కడను అట్లే పట్టుకొనును. విషమన్ననో తేలు కొండి చర్మములోనికి దిగినపుడే లోపలికి పోయినది. పైనుంచిన గింజ దానిని వెనుకకు లాగజాలదు. తేలుకొండికాయ కథయు నింతే. కాయ తేలుకొండివలె వంకరగా నున్నది గావున తేలువిషమునకు మందైనది. పోలికయే ప్రమాణము! హాని లేదు, గుణము లేదు.

ఉత్తరేణి, తుమ్మి, కుప్పింట, తులసి ఆకులను నూరి కట్టుటవలన చల్లదనము కలుగును; చల్లదనము నొప్పికి కొంత యుపశమనమే. అదే చల్లదనము తడిగుడ్డవలనను, మంచుముక్కను గుడ్డలో చుట్టి పెట్టుటవలనను ఇంతకంటె శుభ్రముగా కలుగును. కాటుపడినచోటు సబ్బునీటితో కడుగవలెను. నొప్పికి పారాసిటమాలు మాత్ర నీయవచ్చును. సున్నము మాత్రము వలదు. అది చర్మమును కాల్చును. కిరోసిను వలదు. జిల్లేడుపాలు వలదు, ఆ చేయి పొరపాటున కంటికి తగిలెనా, చూపునకే మోసము. ఈశ్వరివేరును నూరి త్రాగించుటయు కొన్నిచోట్ల నున్నది. ఆ తీగెలోని పదార్థము మూత్రపిండములను చెఱచునదనియు, పుట్టకురుపు కలిగించునదనియు శాస్త్రజ్ఞులు నిర్ధారణ చేసినారు. పైపూతకు సరిపోనిది కడుపులోనికి ఏల?

ఎఱ్ఱతేలు విషము గట్టిగా ఎక్కినపుడు జరుగునది వేఱు. ఆ విషము నరములను రేపి, శరీరములోని అడ్రినలిన్ జాతి ద్రవములను ఒక్కమారుగా నెత్తుటిలోనికి వదలించును. ఒడలంతయు చెమటలు పట్టును, కాళ్లు చేతులు మంచువలె చల్లబడును, వాంతులగును, గుండె దడదడలాడును, మగపిల్లలకు అంగము బిగియును. తరువాత గుండె అలసి ఊపిరితిత్తులలోనికి నీరు దిగును. దగ్గుతో నురుగు వచ్చును. చమత్కార మేమన, ఇట్టివారిలో కాటుచోట నొప్పి స్వల్పముగా నుండవచ్చును. "నొప్పి తగ్గినది" యని యింటివారు సంతోషించుచుండగనే లోపల ప్రమాదము పెరుగుచుండును. పసిపిల్లలకిది మఱింత వేగముగా వచ్చును. చెమటయు వాంతియు కనబడెనా, మంత్రగాని కొఱకు వేచియుండక బండి కట్టవలెను. పిల్లవాడైనచో ఆ గుర్తులకైన వేచియుండరాదు.

ఈ కాటునకు మందు కనుగొన్నది పెద్దనగరపు వైద్యాలయము గాదు. మహారాష్ట్రమున కొంకణతీరములోని మహాడ్ అను చిన్నపట్టణమున వైద్యుడైన హిమ్మత్‌రావు బావస్కరుగారు 1980 ప్రాంతములలో తన కన్నులయెదుట పల్లెపిల్లలు తేలుకాటుతో చనిపోవుచుండ చూచి, ప్రతి రోగి సంగతిని వ్రాసికొనుచు, రక్తపుపోటు తగ్గించుటకు వాడు ప్రజోసిన్ అను చవుకమాత్ర యీ విషపు పనికి విరుగుడగునని గ్రహించెను. ఆసుపత్రి చేరి ఊపిరితిత్తులలో నీరుదిగినవారిలో అంతకుముందు నూటికి 25, 30 మంది చనిపోవుచుండగా, ఈ మాత్ర వాడుక వచ్చినతరువాత ఆ సంఖ్య నూటికి ఒకటికి లోపు దిగినదని ఆయన లెక్కలు. 2011లో ఆయనయు, భార్యయైన ప్రమోదినిగారును 70 మంది రోగులపై జరిపిన పరీక్షలో, ప్రజోసినుతోపాటు తేలువిషపు సీరమును కూడ ఇచ్చినవారు మాత్ర మాత్రమే పొందినవారికంటె త్వరగా కోలుకొనిరి. 2022లో ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ నిచ్చినది. ఈ మాత్రను ఇంటిలో దాచుకొని మింగించుటకు కాదు సుమా. రక్తపుపోటు చూచుచు వైద్యుడీయవలసినది. కాని "తేలుకాటునకు ఆసుపత్రిలో మందేమున్నది?" అనువారికి ఇది సమాధానము.

సాలెపురుగులు, పొక్కులు

సాలెపురుగునకు మనవారిచ్చిన చెడ్డపేరు చాలవఱకు అన్యాయము. ఉదయము లేచునప్పటికి మెడమీదనో చేతిమీదనో కాలినట్లు ఎఱ్ఱనిచారయు, దానిపై నీటిపొక్కులును కనబడినచో "సాలెపురుగు పాకినది" అనుచుందుము. నిజమైన దోషి తఱచుగా వేఱొకటి. వానకాలపు రాత్రులందు దీపముచుట్టు మూగు చిన్నపురుగులలో ఎఱుపును నలుపును కలిసి, పెద్దచీమవలె కనబడున దొకటున్నది. అది కుట్టదు, కఱవదు. మెడపై వాలినపుడు మనమే చేతితో నలుపుదుము. దాని ఒంటిరసము చర్మమును కాల్చును. మంట వెంటనే తెలియక ఒకటి రెండు దినములకు బయటపడును గావున నింద సాలెపురుగుమీదికి పోవును. దీనికి మంచిమందు, వాలినపుడు నలుపక నోటితో ఊదివేయుట. నలిపినచో వెంటనే సబ్బుతో కడుగుట. కందిపూతపై కనబడు నల్లపట్టెల నారింజరంగు పెంకుపురుగును చేతితో ఏరినను ఇట్టిపొక్కులే లేచును. చేతికి గుడ్డ చుట్టుకొనవలెను. ఒకప్రక్క మాత్రమే పట్టెవలె పొక్కులు లేచి, నరము లాగునట్టి నొప్పి ఉన్నచో అది పురుగే గాదు, సర్పి. మూడు దినములలోపల వైద్యునికి చూపినచో మంచిమందున్నది. పేడ, ఎఱ్ఱమన్ను పూసి పుండు చేసికొనరాదు.

సాలెపురుగులమాట వచ్చినది గనుక మన పొరుగునున్న గుత్తి కీర్తిని చెప్పక విడువరాదు. 1899లో పోకాక్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు లోకమునకు క్రొత్తగా వర్ణించిన యొక పెద్దసాలెపురుగు గుత్తి రైల్వేవారి కలపదొడ్డిలో దొరికినది. నెమలికంఠమువంటి నీలవర్ణము దానిది. పిమ్మట నూఱేండ్లు ఎవరికిని కనబడలేదు. 2001లో నంద్యాల గిద్దలూరు నడుమ అడవిలో, చెట్ల తొఱ్ఱలలో మరల కనబడినది. కలపబండ్లతో గుత్తికి చేరియుండునని యూహ. నేడది నశించిపోనున్న ప్రాణులలో లెక్కింపబడుచు, ప్రపంచమంతట గుత్తిపేరుతోనే పిలువబడుచున్నది. దాని కాటు కండరములను పట్టివేయు నొప్పి కలిగించునుగాని మనుష్యు డెవ్వడును చచ్చినట్లు లేదు. మన యిండ్లలోని సాలెపురుగు లన్ననో దోమలను, ఈగలను తిని మనకు కూలిలేని సేవ చేయుచున్నవి. వానికాటునకు సబ్బునీరు, తడిగుడ్డ చాలును.

తేనెటీగ కుట్టినపుడు ముల్లును విషపుతిత్తితోసహా చర్మములో విడిచి పోవును. తిత్తి కొంతసేపు విషమును దించుచునే యుండును. గోటితో గీకవలెనా, పట్టి లాగవలెనా యని తర్కించుచు కూర్చుండరాదు. ఎట్లైనను వెంటనే తీయుటయే ముఖ్యము. కందిరీగ ముల్లు విడువదు. రెంటికిని చల్లనితడి మంచిది. కలబందగుజ్జు, వంటసోడా ముద్ద కొంత హాయినిచ్చును. కాని ఒళ్లంతయు దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి బిగిసినచో అది విషముగాదు, ఆ మనిషి శరీరతత్త్వమునకు పడకపోవుట. దానికి అడ్రినలిన్ సూదియే మందు, నిమిషములలో వేయవలెను. పెనుకొండ కొండవంటి చోట్ల, పెద్దమఱ్ఱులమీదను పట్టు పట్టు కొండతేనెటీగలు రేగి పదులకొలది కుట్టినప్పుడును ఆసుపత్రియే గతి.

వేరుసెనగను తినివేయు ఎఱ్ఱగొంగళి వెండ్రుకలు తగిలి దురదపెట్టినపుడు రుద్దకుడు. రుద్దినకొలది అవి లోపలికి దిగును. అంటుపట్టీని అద్ది లాగినచో వెండ్రుకలు దానితో వచ్చును. పిమ్మట వేపాకు కాచి చల్లార్చిన నీటితో కడుగవచ్చును. పశువులనుండి పిడుదు మనిషికి పట్టినచో కాల్చుట, కిరోసిను పోయుట మాని, తల దగ్గఱ చిమటాతో పట్టి మెల్లగా లాగవలెను. పొదలలో పచ్చికలో తిరిగినవారికి జ్వరము వచ్చి, ఒంటిపై చుట్టతో కాల్చినట్లు నొప్పిలేని నల్లనిపొక్కు కనబడినచో దానిని వైద్యునికి చూపుడు. అది కంటికానని చిన్నపురుగులు తెచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరము కావచ్చును; సకాలమున తెలిసిన మామూలు మాత్రలతో పోవును, తెలియకున్న ప్రాణము తీయును.

రాకుండ చూచుకొనుట

ధర్మవరపు నేతవారిలో గుంటమగ్గములపై కూర్చుండువారు నిత్యము కాళ్లు చీకటిగుంటలో పెట్టువారే. గుంట గోడలు మట్టివైనచో ఎఱ్ఱెలలో తేలు కాపురముండును. సిమెంటుతో నున్నగా పూసినచో అది ప్రాకలేదు. ఉదయము కూర్చుండుటకుముందు గుంటను చీపురుతో ఊడ్చుట నిమిషము పని. ఇంకొక చక్కని సాధనము గలదు: నోట్లు పరీక్షించు ఊదాకిరణపు చేతిదీపము. చీకటిలో ఆ వెలుగు పడగనే తేలు పచ్చగా మెఱయును. పది అడుగుల దూరమునుండియే కనబడును. మగ్గపుగుంటలను, కట్టెలదొడ్డిని, సంఘపు గోదాములో గోనెసంచుల అడుగులను దీనితో వెదకవచ్చును.

హిందూపురము వైపు పట్టుపురుగులు పెంచువారికి చీమలబాధ తెలియును. తట్టల స్తంభములక్రింద నీటిపళ్లెములుంచి వారు చీమలను ఆపుచున్నారు. పసిపిల్లల మంచపుకోళ్లకును అదే ఉపాయము చేయవచ్చును. కాని మల్బరీతోటవద్దను, పెంపకపుగదిలోను పురుగుమందు చల్లరాదు. ఆ గాలికే పట్టుపురుగులు చచ్చును. నేలపై పండుకొనువారు దోమతెరను చాపక్రిందికి దోపుకొన్నచో దోమయేగాక కట్లపామును రాదు. చెప్పులు తొడుగుటకుముందు దులుపుట, రాతిని చేతితోగాక గుద్దలితో తిరుగవేయుట, రాత్రి నీరు కట్టుటకు పోవునపుడు చేతిదీపము, మోకాలిబూట్లు, ఇవి మఱవరానివి.

బూట్లు, దీపములు ఒక్కొక్కరు కొన్న ధర యెక్కువ. ఎరువులు తెప్పించునట్లే ప్రాథమిక సంఘములు వీనిని టోకుగా తెప్పించి సభ్యులకు అసలుధర కీయవచ్చును. మఱియు ప్రతి సంఘ కార్యాలయపు గోడపైని ఒక పలక వ్రేలాడవలెను: 108 సంఖ్య, దగ్గఱి ప్రభుత్వాసుపత్రి పేరు, అచ్చట పాముసీరమును, తేలుకాటునకు మందును నిలువయున్నవా యని కార్యదర్శి విచారించిన తేదీ. 2005 నుండి 108 బండి మనకున్నది. కాని కొండవాలు పల్లెలకు అది చేరులోపల రోగిని ఎదురుతీసికొనిపోవుటకు ఊరిలో ఎవరి జీపు, ఎవరి ట్రాక్టరు సిద్ధముగా నుండునో, ఆ పేర్లును ఫోను సంఖ్యలును కూడ ఆ పలకపైనే వ్రాయించుడు. వచ్చు సర్వసభ్యసమావేశమున ఈ యంశమును కార్యక్రమములో చేర్పించవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.